పెద్ద సముద్రపు ఫ్లైలకు ఏ రోటరీ వైస్ కొనాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: చిన్న ఫ్లైలు (హుక్కుకి ఈకలు, వెంట్రుకలు దారంతో కట్టి చేసే చేపల ఎరలు) కట్టుకునే మామూలు వైస్ (కట్టేటప్పుడు హుక్కుని పట్టి ఉంచే పనిముట్టు) ఒకటి మీ దగ్గర ఉంది. ఇప్పుడు 4/0, 6/0 లాంటి పెద్ద హుక్కుల మీద (సున్నా ముందు అంకె పెరిగేకొద్దీ హుక్కు పెద్దది) జానెడు పొడవు డిసీవర్లు, క్లౌజర్లు అనే రకాల ఫ్లైలు కట్టడం మొదలుపెట్టారు. దారం గట్టిగా లాగగానే హుక్కు ముక్కు కిందికి వాలిపోతోంది. ఎలాగూ కొత్తది కొనాలి కాబట్టి రోటరీ (హుక్కుతో సహా తల తిరిగే రకం) అయితే మేలనుకుని, ఏది బాగా నున్నగా తిరుగుతుందో చెప్పమన్నారు.

ఆ చివరి మాట దగ్గరే నాకు పేచీ. నున్నగా తిరగడం మీరు చూడాల్సినవాటిలో నాలుగోదో, ఐదోదో. కొట్లో ఎవరైనా వైస్ చూడగానే చేసే మొదటి పని హ్యాండిల్ పట్టుకుని గిర్రున తిప్పడం. అది తిరుగుతుంటే ముచ్చటగానే ఉంటుంది. కానీ 6/0 హుక్కు మీద గుప్పెడు బక్‌టెయిల్ (జింక తోక వెంట్రుకలు) కట్టేటప్పుడు వైస్‌ని గిర్రున తిప్పే సందర్భం దాదాపు రాదు. అప్పుడు కావలసింది హుక్కుని కదలకుండా పట్టుకునే దవడలు. కాబట్టి ముందు దవడలు చూడండి, తిరగడం సంగతి తర్వాత.

హుక్కు ఎందుకు వాలిపోతుందో ఒక లెక్కతో చూద్దాం. హుక్కు కాడ, అంటే తిన్నని భాగం, సుమారు 4 సెంటీమీటర్లు ఉందనుకోండి. వంపు దగ్గర దవడలు పట్టుకునే మేర మహా అయితే 4 మిల్లీమీటర్లు. కన్ను (లైను కట్టే రంధ్రం) దగ్గర దారాన్ని 2 కిలోల బలంతో కిందికి లాగితే, మీట సూత్రం ప్రకారం అది పట్టు దగ్గరికొచ్చేసరికి పదింతలై దాదాపు 20 కిలోల బలంగా తగులుతుంది. చిన్న ఫ్లైలకు వాడే సన్న దారం అంత లాగకముందే పుటుక్కున తెగిపోతుంది. అందుకే అక్కడ వైస్ లోపం ఎప్పుడూ బయటపడదు. పెద్ద ఫ్లైలకు మనం వాడే జెల్-స్పన్ దారం అలా కాదు, వేలినైనా కోస్తుంది గానీ తాను తెగదు. చేపల వేటలో వాడే బ్రెయిడ్ లైనుదీ ఇదే జాతి పీచు. పైగా నున్నగా జారిపోయే రకం కాబట్టి వెంట్రుకలు కదలకుండా ఉండాలంటే ఇంకా గట్టిగా లాగాల్సిందే. అంత లాగుడికీ ఎదురు నిలవాల్సింది ఆ 4 మిల్లీమీటర్ల పట్టే.

కొత్తది కొనే ముందు ఒక పని చేయండి. మీ పాత వైస్ క్యామ్ లివర్ రకమైతే (లివర్ నొక్కితే దవడలు బిగిసేది) తప్పు వైస్‌ది కాకపోవచ్చు కూడా. ఈ రకంలో రెండు సర్దుబాట్లు ఉంటాయి. ముందున్న స్క్రూ దవడల మధ్య సందు ఎంత ఉండాలో చెబుతుంది. వెనకున్న లివర్ ఆ సందుని మూసి బిగిస్తుంది. చాలామంది ముందు స్క్రూని ఒకసారి తిప్పి మరిచిపోతారు. చిన్న హుక్కు తీసి పెద్దది పెట్టినా స్క్రూ ముట్టుకోకుండా లివర్ మీదే బలం చూపిస్తారు. అప్పుడు దవడల లోపలి ముఖాలు సమాంతరంగా రావు, హుక్కు తీగని ఏదో ఒక అంచు మాత్రమే తాకుతుంది. పైకి బిగిసినట్టే ఉంటుంది, దారం లాగితే తిరిగిపోతుంది.

సరైన పద్ధతి ఇది. లివర్ పూర్తిగా వదులు చేయండి. హుక్కు వంపు కింది భాగాన్ని దవడల్లో పెట్టండి. స్క్రూని వేళ్లతో తిప్పుతూ దవడలు తీగని రెండువైపులా తాకేదాకా రండి. అప్పుడు లివర్ నొక్కండి. సగం దూరం వెళ్లాక చేతికి బరువు తెలియాలి. చివరిదాకా తేలిగ్గా వెళ్లిపోతే స్క్రూ ఇంకో పావు చుట్టు బిగించాలి. మొదట్లోనే మొండికేస్తే పావు చుట్టు వదలాలి. ఇలా చేశాక కూడా హుక్కు వాలుతోందంటే అప్పుడు కొత్త వైస్ గురించి మాట్లాడుకుందాం.

ఇది నాకు ఎవరూ చెప్పలేదు. నా మొదటి రోటరీ వైస్ మీద 6/0 హుక్కు జారుతుంటే, పళ్లు బిగబట్టి లివర్‌ని ఇంకా నొక్కాను. టిక్కుమని చిన్న చప్పుడైంది. హుక్కు బాగానే ఉందే అనుకుంటూ చూస్తే, దవడ కొనలో నూకంత ముక్క బల్ల మీద మెరుస్తోంది. ఆ దవడ చిన్న హుక్కులకు చేసినదని పెట్టె మీద రాసే ఉంది, చదవని తప్పు నాదే. అమ్మినవాళ్లకు విడి దవడలు దొరకకపోవడం మాత్రం వాళ్ల తప్పు. అప్పటినుంచి ఏ వైస్ కొన్నా నేను మొదట అడిగేది ఇదే: దవడలు విడిగా దొరుకుతాయా? పెద్ద హుక్కులతో పనిచేస్తే ఎప్పుడో ఒకప్పుడు దవడలు అరుగుతాయి. అవి మార్చుకోగలిగితే వైస్ జీవితకాలం వస్తుంది.

దవడలు బిగిసే పద్ధతుల్లో పెద్ద ఫ్లైలు కట్టేవాళ్లకు పనికొచ్చేవి మూడు. ఒకటి పైన చెప్పిన క్యామ్. రెండోది స్ప్రింగ్ రకం. రీగల్ వైస్‌లు దీనికే పేరు పడ్డాయి. లివర్ నొక్కితే దవడలు తెరుచుకుంటాయి, వదిలితే స్ప్రింగ్ బలంతో మూసుకుంటాయి. సర్దుబాటంటూ ఏమీ లేదు. దీని గమ్మత్తేమిటంటే హుక్కు ఎంత మందంగా ఉంటే స్ప్రింగ్ అంత ఎక్కువ వంగుతుంది, పట్టు అంత గట్టిగా ఉంటుంది. అంటే పెద్ద హుక్కు దగ్గర దీని బలం తగ్గకపోగా పెరుగుతుంది. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. మందమైన హుక్కు పెట్టడానికి లివర్‌ని బాగా నొక్కాలి. వేళ్ల కీళ్లలో నొప్పులున్నవాళ్లు ఒక్కసారి కూర్చుని ఇరవై ఫ్లైలు కట్టాలంటే ఇది గుర్తుపెట్టుకోవాలి. మూడోది మరతో (స్క్రూతో) బిగించేది. నెమ్మదే గానీ పట్టు ఎంత కావాలో చేతికి తెలుస్తూ ఉంటుంది. రోజుకి రెండు మూడు పెద్ద ఫ్లైలే కడతానంటే ఆ నెమ్మది పెద్ద లెక్క కాదు.

దవడ ఆకారం కూడా చూడండి. కొన దగ్గర సన్నగా, నున్నగా ఉండే దవడ చిన్న ఫ్లైలకు హాయి. పెద్ద హుక్కుకి లోపలివైపు గాడి ఉంటే మంచిది. తీగ ఆ గాడిలో కూర్చుంటే పైకీ కిందికీ తిరగడానికి దారి ఉండదు, కేవలం రాపిడి మీద ఆధారపడే పని తప్పుతుంది. డైనా-కింగ్ కంపెనీ దవడల్లో పెద్ద హుక్కుల కోసం ఇలాంటి గాడులు ఉంటాయి. ఏ దవడైనా సరే, ములుకుని (మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లుని) మాత్రం లోపల పెట్టి బిగించకండి. ములుకు మొదట్లోనే హుక్కు బలహీనంగా ఉంటుంది, అక్కడ నొక్కితే కంటికి కనిపించని పగులు రావచ్చు. ములుకు నొక్కేసే అలవాటుంటే ఫ్లై కట్టకముందే పట్టకారుతో ఆ పని కానివ్వండి. విరిగేదుంటే అప్పుడే విరుగుతుంది, గంట కష్టం పోదు.

మరొక చిక్కు. పెద్ద ఫ్లైలంటే అన్నీ లావు హుక్కులే కావు. బ్లేన్ చాక్లెట్ అనే ఆయన రూపొందించిన గేమ్ ఛేంజర్ లాంటి కీళ్ల ఫ్లైలు కట్టాలనిపిస్తే తోకవైపు ముక్కలన్నీ సన్నటి తీగ కాడల మీద కట్టాలి. 8/0 కోసమే చేసిన మొద్దు దవడ ఆ తీగని సరిగ్గా పట్టదు. అటువైపు వెళ్లే ఉద్దేశముంటే దవడలు మార్చుకునే వీలున్న వైస్ కానీ, స్ప్రింగ్ రకం కానీ చూసుకోండి.

ఇక తిరగడం సంగతి. రోటరీ అని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు. కొన్నింటిలో తల తిరుగుతుంది గానీ హుక్కు కాడ ఇరుసు మీద ఉండదు. తిప్పితే హుక్కు పైకీ కిందికీ గిరికీలు కొడుతుంది. ఫ్లై అవతలి పక్క చూసుకోవడానికి అది చాలు. అసలు రోటరీలో కాడ సరిగ్గా ఇరుసు గీత మీద ఉంటుంది, ఎంత తిప్పినా ఉన్నచోటే తిరుగుతుంది. దానికోసం దవడలు ఇరుసుకి కొంచెం కిందికి దిగి ఉంటాయి. ఆ దిగుడు ఎంతన్నదే పెద్ద హుక్కు దగ్గర అసలు ప్రశ్న.

హుక్కు పెద్దదయ్యేకొద్దీ కాడకీ మొనకీ మధ్య దూరం పెరుగుతుంది. దవడలు పట్టుకునేది వంపు కింది భాగాన్ని. చిన్న హుక్కుల లెక్కలో దిగుడు ఇచ్చిన వైస్‌లో 6/0 పెడితే కాడ ఇరుసుకి పైన ఎక్కడో ఉంటుంది. అది 15 మిల్లీమీటర్లు పైన ఉందనుకోండి. సగం చుట్టు తిప్పితే 15 మిల్లీమీటర్లు కిందికి వెళుతుంది. అంటే మీ చేతికింద హుక్కు 3 సెంటీమీటర్లు జరిగిపోయింది. దారం సాగుడు మారిపోతుంది, వేళ్ల కింద సర్దిన ఈకలు చెదురుతాయి. కొన్ని వైస్‌లలో ఈ దిగుడు సర్దుకునే వీలుంటుంది, కొన్నింటిలో స్థిరంగా ఉంటుంది. మీ అతి పెద్ద హుక్కుకి సరిపోతుందో లేదో ఇలా చూడొచ్చు: హుక్కు బిగించి, ఒక సూది మొనని కన్నుకి దగ్గరగా కదలకుండా పట్టుకుని, నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. కన్ను సూది మొన దగ్గరే ఉంటే సరిపోయినట్టే. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా పెద్ద ఫ్లైలో పట్టించుకోనక్కర్లేదు. సెంటీమీటరు దాటితే ఆ వైస్ ఆ హుక్కుకి రోటరీ కానట్టే.

కాడ ఇరుసు మీద ఉండటంలో ఎవరూ పెద్దగా చెప్పని లాభం ఇంకొకటి ఉంది. ఇరుసు మీదున్న కాడకి దారం చుట్టి ఎంత లాగినా, వైస్ తలని తిప్పే బలం కాడ మందమంత చిన్న మీటతోనే వస్తుంది. కాడ ఇరుసుకి దూరంగా ఉంటే మీ ప్రతి లాగుడూ తలని పక్కకి తిప్పాలని చూస్తుంది. లాక్ స్క్రూ ఎంత బిగించినా వైస్ కొంచెం కొంచెంగా తిరిగిపోతోందని కొందరు ఫిర్యాదు చేస్తారు. చాలాసార్లు తప్పు లాక్‌లో ఉండదు, హుక్కు ఎత్తులో ఉంటుంది. అలాగని లాక్‌ని తేలిగ్గా తీసుకోకండి. పూర్తి చుట్టులో ఎక్కడ ఆపినా బిగించగలగాలి. నాలుగు చోట్ల మాత్రమే టక్కున ఆగే రకం వైస్‌తో బరువు కళ్లు (ఫ్లై కళ్లలా కాడకి కట్టే లోహపు గుండ్లు) కట్టేటప్పుడు విసుగొస్తుంది.

మరి పెద్ద ఫ్లైలలో తిప్పడం ఎక్కడ అక్కరకొస్తుంది? క్లౌజర్‌లో. బాబ్ క్లౌజర్ ఈ ఫ్లైకి కాడ మీద బరువు కళ్లు పెట్టడంతో అది నీళ్లలో మొన పైకి పెట్టుకుని ఈదుతుంది. అందుకే మధ్యలో హుక్కుని తలకిందులు చేసి మిగతా వెంట్రుకలు కట్టాలి. రోటరీలో అయితే హుక్కు తీసి మళ్లీ బిగించే పని లేదు. లెఫ్టీ క్రే డిసీవర్‌లో రెండు పక్కలా ఈకలు సమంగా పడ్డాయో లేదో చూడటానికి తిప్పుతాం. ఒక పక్క అరంగుళం పొడుగైతే ఆ ఫ్లై నీళ్లలో తిన్నగా ఈదదు, గింగిరాలు తిరుగుతుంది. పీచు బ్రష్‌ని (తీగకి పీచు మెలిపెట్టి చేసినది) కాడ చుట్టూ చుట్టేటప్పుడు తిప్పితే చుట్లు వరసగా పడతాయి. ప్రతి చుట్టుకీ పీచుని వెనక్కి దువ్వడం మాత్రం మరిచిపోవద్దు. బాబ్ పోపోవిక్స్ సర్ఫ్ క్యాండీ అనే ఫ్లైలో ఎపాక్సీ జిగురు పూసి గట్టిపడేదాకా నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి, లేకపోతే జిగురంతా కిందికి జారి బొజ్జలా వేలాడుతుంది. ఇప్పుడు యూవీ రెజిన్‌తో (యూవీ లైటు వేస్తే గట్టిపడే జిగురుతో) ఆ ఎదురుచూపు తగ్గింది గానీ, అడుగున కూడా లైటు పడాలంటే తిప్పక తప్పదు.

చూశారుగా, వీటిలో గిర్రున తిరగాల్సింది ఏదీ లేదు. అన్నీ సగం చుట్టు, ఒక చుట్టు పనులే. నార్‌వైస్ అనేది గిర్రున తిరగడానికే పుట్టిన వైస్. అది తిరుగుతుంటే చూడటం నాకూ ఇష్టమే. కానీ మీరు చెప్పిన ఫ్లైలకు నేను దాన్ని మొదటి వైస్‌గా చెప్పను. మీకు కావలసింది తిరిగే భాగంలో కొంచెం బిగుతు, వదిలిన చోట ఆగిపోయే గుణం. సీసపు కళ్లు, రెజిన్ బరువు ఒక పక్కకి లాగినా తల దానంతటదే తిరగకూడదు. ఆ బిగుతు సర్దుకునే స్క్రూ ఉందో లేదో చూడండి.

తోక విషయం చాలామంది కొన్నాక గాని గ్రహించరు. జానెడు బక్‌టెయిల్ వెనక్కి వాలితే దవడల మీదుగా వెళ్లి లివర్‌లోనో, స్క్రూ తలలోనో చిక్కుకుంటుంది. అది చూసుకోకుండా వైస్ తిప్పితే తోక మొత్తం ఇరుసుకి జడలా చుట్టుకుంటుంది. నాకిలా అయింది ఒకసారి కాదు. దవడలు ముందుకి పొడుగ్గా ఉండి, లివర్ బాగా వెనకగానో కిందగానో ఉన్న వైస్ పెద్ద ఫ్లైలకు నయం. ఎలాంటి వైస్ అయినా తిప్పే ముందు తోకని ఒక స్ట్రాలోకి దూర్చేయండి. స్ట్రాని నిలువునా చీల్చి పెట్టుకుంటే ఎక్కించడం, తీయడం రెండూ సులువు. పోపోవిక్స్ హాలో ఫ్లై కట్టేటప్పుడు వెంట్రుకలని వెనక్కి తొయ్యడానికి వాడే ఖాళీ పెన్ను గొట్టం ఎలాగూ మీ బల్ల మీద ఉంటుంది కదా, దాని పక్కనే ఈ స్ట్రా కూడా. మొన మీద చిన్న రబ్బరు ముక్క గుచ్చి ఉంచండి. 6/0 మొన వేలిలో దిగితే సూది గుచ్చుకున్నట్టు ఉండదు.

వైస్ అడుగు భాగం గురించి రెండు మాటలు. బరువు పీట అయితే ఎక్కడైనా పెట్టుకోవచ్చు. కానీ జెల్-స్పన్ దారం లాగుతుంటే తేలికపాటి పీట ముందుకి ఒరుగుతుంది. బల్లకి బిగించే సి-క్లాంప్‌తో ఆ బాధ ఉండదు, పెద్ద ఫ్లైలకు నా ఓటు దానికే. పీటే కావాలంటే బరువుతోపాటు వెడల్పు చూడండి. హుక్కు కన్ను పీట ముందు అంచుని దాటి బయటికి వస్తే, ఎంత బరువున్నా ఒరిగే అవకాశం ఉంది.

మోడళ్ల పేర్లు అడిగారు కాబట్టి. 4/0, 6/0 మాత్రమే, రోజూ, ఎక్కువ సంఖ్యలో కడతానంటే రీగల్ రెవల్యూషన్ చూడండి. స్ప్రింగ్ దవడ, అసలు రోటరీ రెండూ అందులో ఉన్నాయి. రీగల్ మెడాలియన్‌లో తల తిరుగుతుంది గానీ కాడ ఇరుసు మీద ఉండదు, రెండింటినీ ఒకటనుకోవద్దు. క్యామ్ రకం ఇష్టమైతే రెంజెట్టీలో మామూలు ట్రావెలర్ కాకుండా సాల్ట్‌వాటర్ ట్రావెలర్, లేదా డైనా-కింగ్ బారకుడా. చిన్నవీ పెద్దవీ రెండూ కడతాననుకుంటే పీక్ లాంటివాటికి పెద్ద హుక్కుల దవడలు విడిగా దొరుకుతాయి. మీరు రాసినదాన్ని బట్టి మీకు నేనైతే స్ప్రింగ్ రకమే చెబుతాను. ప్రతి హుక్కుకీ స్క్రూ సర్దే ఓపిక అందరికీ ఉండదు, మీ హుక్కు వాలిపోతున్న తీరు చూస్తే మీకూ లేదేమో అనిపిస్తోంది.

వైస్ పేరులో సాల్ట్‌వాటర్ అని ఉంటే తుప్పు పట్టదని అనుకోకండి. చాలావరకు అది పెద్ద దవడలని చెప్పే మాటే. పడవలో తీసుకెళ్తే ఇంటికొచ్చాక తుడిచి, దవడలకీ ఇరుసుకీ ఒక చుక్క నూనె వేయాల్సిందే. దవడ లోపలి ముఖానికి మాత్రం నూనె తగలనివ్వకండి, హుక్కు జారుతుంది. రెజిన్ అంటితే గట్టిపడకముందే ఆల్కహాల్‌తో తుడిచేయండి.

వీలైతే చూసి, పట్టుకుని కొనండి. వెళ్లేటప్పుడు మీ హుక్కులే పట్టుకెళ్లండి. హుక్కు నంబర్లకి అన్ని కంపెనీల్లో ఒకే కొలత లేదు. ఒకరి 4/0 ఇంకొకరి 4/0 కంటే పొడుగ్గానో, తీగ మందంగానో ఉండొచ్చు. వైస్ పెట్టె మీద 8/0 దాకా అని రాసి ఉన్నా, ఆ 8/0 తీగ ఎంత మందమో చెప్పదు. మీ దగ్గరున్నవాటిలో అన్నిటికంటే లావుదీ, అన్నిటికంటే సన్నదీ తీసుకెళ్లి, బిగించి, కన్నుని బొటనవేలితో గట్టిగా కిందికి నొక్కండి. హుక్కు తీగ స్ప్రింగులా వంగి వెనక్కి రావాలి. దవడల్లో తిరిగితే ఆ వైస్ అక్కడే వదిలేయండి. వాడినది కొంటుంటే దవడలు మూసి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. కొనల మధ్య వెలుతురు కనిపిస్తే అవి విచ్చుకున్నాయన్నమాట, విడి దవడల ఖర్చు కూడా కలుపుకుని బేరమాడండి.

పాత వైస్‌ని అమ్మేయకండి. పెద్ద వైస్ మీద ఫ్లై తలకి పూసిన జిగురు గట్టిపడుతుండగా, పక్కన ఇంకో హుక్కు మీద తోక కట్టుకోవచ్చు. బక్‌టెయిల్ సర్దే పనికి, దారం గట్టిగా లాగనంతవరకు, అది బాగానే పనికొస్తుంది.